అత్తమ్మను రావద్దన్న ట్రంకాల్

ఒక తల్లికి, కూతురికి, అల్లుడికి మధ్య ఒక్క ఫోనుతో నిప్పు పెట్టి, పైగా మేలు చేశానని మురిసిపోయిన ఘనత నాది. చెప్తాను, నవ్వుకోండి. సిగ్గుపడతానని మాత్రం అనుకోకండి.

మెదక్‌లో టెలిఫోన్ ఆపరేటరుగా కొత్తగా చేరాను. గాలి గట్టిగా వీస్తే చాలు, హైదరాబాదు లైను మూలిగేది. మాట వినబడకపోతే మేమే మధ్యలో విని ఇవతలివాళ్లకు అప్పజెప్పేవాళ్లం. "లైను పోయిందంటే జనం పరేషానైతరు. నిమ్మళంగ మాట్లాడుండ్రి" అని మా సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. ఆ మాట నా బుర్రకు కాస్త ఎక్కువే ఎక్కింది.

ఓ పొద్దున, హాస్టల్లో వంట చేసే మానెమ్మ హైదరాబాదు దవాఖానకు ట్రంకాల్ పెట్టించుకుంది. కూతురికి తొలి కాన్పు. అల్లుడు రమ్మంటే అటు నుంచి అటే బస్సెక్కుదామని బట్టల మూట కూడా తెచ్చుకుంది.

అల్లుడు సామ్యూల్ లైన్లోకి వచ్చాడు. ఆమెకు గరగర తప్ప ఏమీ వినబడలేదు. నేను అందుకున్నాను.

"కాన్పు అయిందటమ్మా. ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరట."

"దేవా, నీకు స్తోత్రం! ఇంకేమంటుండు?"

"అత్తమ్మను..."

అంతే, లైను చచ్చింది.

"అత్తమ్మను? నన్నేం జెయ్యమంటుండు బిడ్డా?"

లైను తెగింది, మళ్లీ కలుపుతానంటే సరిపోయేది. కానీ ఆమె మూటను గుండెకు హత్తుకుని కౌంటరు మీదికి వంగి నా మొహంలోకే చూస్తోంది. నా నోరు ఊరుకుంటుందా?

"అత్తమ్మను తొందరపడి రావద్దన్నరు. అక్కడ చూసుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరట."

"రావద్దన్నడా?"

"ఖచ్చితంగ వద్దన్నరు."

ఆ "ఖచ్చితంగ" ఎవరడిగారండీ నన్ను! మానెమ్మ మూటతో ఇంటికి పోయింది. నేనేమో గొప్ప పుణ్యం చేసినట్టు టీ తెప్పించుకున్నాను.

నాలుగో రోజు సామ్యూల్ మెదక్‌లో బస్సు దిగాడు. కాసేపటికి అత్తా అల్లుడూ మా కౌంటరు ముందుకొచ్చి పడ్డారు.

"అత్తమ్మను జెర బస్సెక్కించుండ్రి అని మొత్తుకున్న! అమ్మ రాలేదని నీ బిడ్డ ఒకటే ఏడుపు."

"నువ్వే వద్దంటివట గద! గీ పిల్లే చెప్పింది."

ఇద్దరూ నావైపు తిరిగారు.

"లైను చచ్చింది. నువ్వు భయపడతవని నేనే చెప్పినమ్మా. నీ మంచికే చెప్పిన" అన్నాను. తల దించలేదు. ఇప్పటికీ దించను. అంతగా ఆత్రపడే తల్లి ఎదురుగా నిలబడితే మీరేం చేసేవారో చెప్పండి చూద్దాం.

సామ్యూల్ నోరు తెరవబోయాడు. మానెమ్మ అతణ్ణి పక్కకు జరిపింది.

"అబద్ధం చెప్తే చెప్పినవ్. గదేదో రమ్మన్నడని చెప్పరాకపోయెనా బిడ్డా? ఈపాటికి నా మనుమరాలికి నీళ్లు పోస్తుంటి గద!"

హెడ్‌ఫోను మీద చెయ్యేసి అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. లైను పోతే పోయిందనే చెప్తాను, అవతలివాళ్ల నోట్లో నా మాట పెట్టను. ఒకవేళ మనసాగక పెట్టానా, ఎవరినైనా సరే, రమ్మనే పెడతాను.