గవరయ్య పారిపోలేదు

కనకలక్ష్మి యాభై నాలుగో ఏట అ ఆలు దిద్దడం మొదలుపెట్టింది. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టి, హిందీ మీడియంలో చదువుకుని, హాడో రేవు ఆఫీసులో పాతికేళ్లుగా గుమస్తా పని చేస్తున్న మనిషి. తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు.

ఆమె తాత గవరయ్యది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. రెండో ప్రపంచయుద్ధంలో వైమానిక దళంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్లాడు. 1944 తర్వాత మనిషి జాడ లేదు, కబురూ లేదు. యుద్ధానికి జడిసి పారిపోయాడనీ, రంగూన్‌లో ఇంకో సంసారం పెట్టాడనీ ఊరు తేల్చేసింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు, కనకలక్ష్మి తండ్రి ధనరాజు 'పారిపోయినోడి కొడుకు' అన్న పిలుపు పడలేక ఇరవయ్యో ఏట ఓడెక్కేశాడు. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో చేపలు పడుతూ స్థిరపడ్డాడు. తల్లి పోయాక ఆమె రేకుపెట్టె తెప్పించుకున్నాడు గానీ అందులో ఉన్న తండ్రి ఆఖరి ఉత్తరాన్ని ముట్టుకోలేదు.

రెండేళ్ల కిందట జంగ్లీఘాట్‌లో ఒక పెళ్లికి ఊరి నుంచి గణేశ్వరరావు అనే చుట్టం వచ్చాడు. భోజనాల దగ్గర నవ్వుతూ, "ఊరొగ్గేసి పారిపోడం మీ ఇంట్లో తాత కాడి నుంచీ ఉన్నదే గదా" అన్నాడు.

ధనరాజు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. కనకలక్ష్మి విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

మర్నాడు రేకుపెట్టె తెరిచింది.

"ఒగ్గీయమ్మా. పోయినోడు పోయాడు" అన్నాడు తండ్రి.

"నేనొదల్ను నానా."

ఆఫీసులో తెలుగు చదవడం వచ్చిన తోటి గుమస్తా ఉదయ్‌కుమార్, "ఇవ్వండి దీదీ, నేను చదివి పెడతా" అన్నాడు. ఆమె ఇవ్వలేదు. ఇన్నాళ్లూ తాత సంగతి ఎవరో చెబితే విన్నాం, ఇక చాలనుకుంది. ఒకటో తరగతి వాచకం కొనుక్కుంది. నాలుగు నెలలకు ఉత్తరం మడత విప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

'విమానాలకు పెట్రోలు పోసే పని. ఇక్కడి దొరలకు నా పేరు నోరు తిరగక గోరి అని రాసుకున్నారు. పిల్లడు నడుస్తున్నాడా? కోతలకు సెలవు ఇస్తామన్నారు. తప్పక వస్తాను.' కింద ఆయన సైనిక నంబరు.

యుద్ధంలో పోయినవాళ్ల వివరాలు ఉండే ఆఫీసుకు రాసింది. గవరయ్య పేరుతో ఎవరూ లేరని జవాబు వచ్చింది. 'గోరి' అని నంబరు వేసి మళ్లీ రాసింది. ఏడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ప్రతి నెలా ఒక ఉత్తరం పంపుతూనే ఉంది.

"ఎనభై ఏళ్ల కిందటి సంగతి దీదీ, ఎవరికి పట్టింది?" అన్నాడు ఉదయ్‌కుమార్.

"నాకు పట్టింది."

ఎనిమిదో నెలలో ఇంగ్లీషులో రెండు పేజీలొచ్చాయి. బాంబుదాడిలో పెట్రోలు పీపాలు అంటుకున్నాయి. బయటపడిన గోరి, లోపల చిక్కుకున్న ఇద్దరి కోసం తిరిగి వెళ్లాడు. ఒకణ్ని లాక్కొచ్చాడు. రెండోవాడి కోసం వెళ్లి మళ్లీ రాలేదు. పేరు తప్పుగా రాసుకోవడంతో ఇంటికి కబురు అందలేదు.

తండ్రిని కూర్చోబెట్టి అంతా తెలుగులో చెప్పింది. ఆయన ఆ పాత ఉత్తరాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. "నానూ తిట్టానే మా అయ్యని" అన్నాడు. తర్వాత, "ఫోన్ కలుపు, ఆ గణేశ్వర్రావుకి" అన్నాడు.

అవతల గణేశ్వరరావు కంగారుపడ్డాడు. "అయ్యో బాబాయ్, ఆవేళ సరదాకన్నాను!"

"మా అయ్య పారిపోనేదు. మంటల్లోకి రెండుసార్లు ఎల్లాడు. వచ్చే నెల ఊరొస్తన్నాం. నా కూతురు ఆ కాగితం అందరి ముందూ చదువుద్ది. నువ్వు ముందు వరసలో కూకో."

ధనరాజు అరవై రెండేళ్ల తర్వాత ఊళ్లో అడుగుపెట్టాడు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. రెండు పేజీల్నీ తన చేత్తో తెలుగులో రాసుకొచ్చిన కనకలక్ష్మి ఎక్కడా తడబడకుండా చదివింది. గణేశ్వరరావు వచ్చాడు, తలెత్తలేదు. కుర్చీ తెచ్చి వేస్తే ధనరాజు అక్కర్లేదన్నాడు. కర్ర ఆనించుకుని, అందరి ముఖాల్లోకీ చూస్తూ, చివరిదాకా నిలబడే విన్నాడు.