చిజుకో కత్తిరించిన పేజీలు

ఒకిత్సు గారు మా గ్రంథాలయానికి మొదటిసారి వచ్చింది ఫిబ్రవరిలో. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, టై కట్టుకుని, సరిగ్గా పదింటికి నేను తలుపు తీసేసరికి మెట్ల మీద నిలబడి ఉన్నారు. మాది టోక్యోలో పాత పత్రికలు మాత్రమే దాచే చోటు. చీటీ మీద పత్రిక పేరు, సంవత్సరం, నెల, పేజీ రాసిస్తే లోపలి బీరువాల్లోంచి తెచ్చిపెడతాం, కావలసిన పేజీ నకలు తీసిస్తాం. ఇరవై రెండేళ్ళుగా ఆ కౌంటరులో కూర్చుంటున్నాను. రాసిచ్చే చీటీలు చూస్తే మనిషి సంగతి సగం తెలిసిపోతుంది. ఇదేమీ గొప్పగా చెప్పుకునే విద్య కాదు, తెలియకపోతేనే ప్రాణానికి హాయి.

ఆయనకు కావలసింది ఒక వెబ్‌సైటు. లిఫ్టులు తనిఖీ చేసే కంపెనీలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ ఫిబ్రవరికి ముందు అక్టోబరులో భార్య చిజుకో బట్టలు ఆరేస్తూ ఆరేస్తూనే కూలిపోయి చనిపోయింది. సంవత్సరీకం నాటికి ఆమె పేరు మీద ఇల్లు, వంట, అలవాట్ల గురించిన సైటు తెరిచి, బంధువులందరికీ చూపించాలని ఆయన పంతం. అందరికీ చెప్పేశారు కూడా. వార్డు ఆఫీసులో పెద్దవాళ్ళకు కంప్యూటరు నేర్పే అమ్మాయి, ముందు పత్రికలు చూసి వాటిలో ఏమేం శీర్షికలు ఉంటాయో రాసుకు రమ్మందట. ఇంకేముంది, నోటుపుస్తకంలో స్కేలు పెట్టి గళ్ళు గీశారు. ఏ నెలలో వంటకు ఎన్ని పేజీలు, ఇల్లు సర్దుకోవడానికి ఎన్ని, ఫొటో పెద్దదా చిన్నదా, అన్నీ ఎక్కించారు. ఇంత శ్రద్ధ ఆవిడ బతికుండగా ఏమైందో అనుకున్నాను. నా నోరు మంచిది కాదు, మనసు అంతకన్నా కాదు.

చిజుకో ఇరవై ఏళ్ళపాటు గృహజీవన పత్రికలు తెప్పించుకుందట. ఆయన వాటిని పాత కాగితాలు పట్టుకెళ్ళే రోజున వీధిలో పెడదామని కట్టలు విప్పితే, చివరి ఆరేళ్ళ సంచికల్లో నెలకు ఒకటో రెండో చోట్ల కత్తెరతో నీటుగా తీసిన కన్నాలు కనిపించాయి. ముక్కలు మాత్రం ఇంట్లో ఎక్కడా లేవు. ఆమెకు నచ్చినవే కదా కత్తిరించుకుంది, అవి మా దగ్గర దొరికితే సైటులో ఏం పెట్టాలో తెలిసిపోతుందని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే అనిపించింది నాకు కూడా. ఒసాకాలో ఉండే కూతురు సాతొమిని అడగొచ్చు కదా అన్నాను. దానికేం తెలుసు అన్నారు.

కాగితానికి రెండు వైపులు. మొదటి వారం ఆయన ప్రతి కన్నానికీ రెండు పేజీ నంబర్లు రాసిచ్చారు. నకలు తీసేది నేనే కాబట్టి రెండూ చూశాను. ఒక వైపు మిసో అనే సోయా ముద్దలో ఉడికించిన కానాగంత చేపలు, లేకపోతే ముల్లంగి ఊరగాయ, ఒక్కోసారి కీళ్ళనొప్పుల మాత్రల ప్రకటన. రెండో వైపు ఎప్పుడూ ఒకే రకం. యాభై దాటాక ఒక్కరే ఉండే ఇల్లు. ఒక కుర్చీ, ఒక గిన్నె, కిటికీ. మొగుడు రిటైరయ్యాక విడిగా బతకడం మొదలుపెట్టిన ఆడవాళ్ళ మాటలు. ఆ పేజీలు నాకు బాగా తెలుసు. నలభై ఏడో ఏట నేను ఒంటరి గదిలోకి మారేముందు అలాంటివే దాచుకున్నాను.

రెండో వారం నుంచి చీటీల మీద ఒకే నంబరు ఉండేది. చేపల వైపుది.

తెలియక చేస్తున్నారనుకున్నాను. వండిపెట్టిన మనిషి వంటలే కత్తిరించుకుంటుందని ఆయన నమ్మకం కాబోలనుకుని నోరు మూసుకున్నాను. జులై దాకా ఓపిక పట్టాను. ఒక మధ్యాహ్నం ఆయన కన్నం ఉన్న పత్రిక బల్ల మీద తెరిచి పెట్టుకుని, ముప్పయ్యో నలభయ్యో వంట రాసుకుంటూ, మా ఆవిడ చేతివంట ఇలా ఉండేది, అలా ఉండేది అని చెబుతుంటే ఇక ఉండలేకపోయాను. రెండు వైపులా నకళ్ళు తెచ్చి ఆ కన్నం కింద పెట్టాను.

"ఒకిత్సు గారూ, ఒక్కసారి చూడండి. ఈ వైపైతే కత్తెర చేప తలకాయ మధ్యలోంచి పోయింది. వండే పద్ధతి సగమే వచ్చింది. అదే ఇటువైపు ఈ గది ఫొటో చూడండి, అంచు కూడా తప్పలేదు. ఆవిడ దాచుకుంది ఇదండీ."

ఆయన పత్రిక మూసేశారు.

"మొదటి వారంలోనే తెల్సిందండీ."

"మరి ఇదంతా ఎందుకండీ?"

"మా బావమరిది వస్తాడు, మా అక్క వస్తుంది. నలభై ఏళ్ళు కాపురం చేశాను. మా ఆవిడ నన్నొదిలేసి పోదామనుకుందని వాళ్ళకి చూపించమంటారా?" ఆయన గొంతు పెంచలేదు. "మీరు ఆ చేపల పేజీ నకలు తీసివ్వండి, చాలు."

తీసిచ్చాను. ఆ రోజూ, తరవాత వచ్చిన ప్రతి రోజూ తీసిచ్చాను. అడిగిన పేజీ ఇవ్వడం నా పని, అంతవరకు నిజమే. కానీ ఆవిడను రెండోసారి పూడ్చిపెడుతున్నామనీ, అందులో నా చెయ్యి కూడా ఉందనీ నాకు తెలుసు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అక్టోబరులో సైటు తెరిచారు. మర్నాడు అన్నం తింటూ ఫోనులో చూశాను. అబద్ధం ఎందుకు, చక్కగా ఉంది. పైన చిజుకో నవ్వుతున్న ఫొటో, కింద నెలవారీగా వంటలు, అక్షరం తప్పు లేదు. మొదటి పేజీలోనే, నా భర్త కోసం నేను ఇష్టంగా వండినవి, అని ఆవిడే చెబుతున్నట్టు రాశారు. దాని కింద బంధువుల మాటలు పదకొండు ఉన్నాయి. వదిన చేతి రుచి గుర్తొచ్చిందని ఒకరు, ఎంత అదృష్టవంతుడివో అని ఒకరు. పన్నెండోది సాతొమి రాసింది.

"నాన్నా, అమ్మకి కానాగంత పడేది కాదు, తింటే దద్దుర్లొచ్చేవి. అది మీకోసం వండి, తను విడిగా ఏదో తినేది. అమ్మ కత్తిరించుకున్నవన్నీ నా దగ్గరే ఉన్నాయి. అమ్మని మీరెప్పుడూ అడగలేదు. నన్నూ అడగలేదు."

అది చదివి చెంచా కింద పెట్టేశాను. ఇప్పుడైనా ఆయన ఒసాకాకు ఫోను చేస్తారేమో, ఆ ముక్కలు చూపించమంటారేమో అని, నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రమంతా ఆశపడ్డాను.

మర్నాడు మళ్ళీ తెరిచి చూశాను. పదకొండు పొగడ్తలూ అలాగే ఉన్నాయి. సాతొమి రాసింది మాత్రం లేదు.