గట్టి స్ప్రింగుల కారెక్కడానికి అమలాపురం వెళ్ళాం

ఆదివారం పొద్దున్న ఆరుంపావుకి విజయవాడలో రైలెక్కాం, నేనూ మావారూ. మాకున్న పని ఒకటే. అమలాపురంలో ఒక డాక్టరు గారి కారెక్కి చూడాలి, ఆ రాత్రికల్లా హైదరాబాద్ షోరూముకి ఒక మాట చెప్పాలి.

సంగతేంటో ముందే చెప్పేస్తాను. మా నాన్నగారికి గుంటూరులో లారీలుండేవి. లంగా వోణీల వయసులోనే లారీ స్టీరింగు పట్టినదాన్ని నేను. ఆయన పోయాక లారీ ఆఫీసు స్థలం అమ్మితే నా వాటా నాకొచ్చింది. ఆ డబ్బుతో జీవితంలో ఒక్క పిచ్చి పని చేద్దామనిపించి స్పోర్ట్స్ కారు బుక్ చేశాను. రెండే సీట్లు. మావారు బ్యాంకులో రిటైరయ్యారు, నేను కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పడం మానేశాను. ఇద్దరం ఆ కారులో ఊళ్ళు తిరగాలని నా ఆశ.

చిక్కంతా పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ దగ్గరొచ్చింది. అది తీసుకుంటే స్ప్రింగులు గట్టివి వేస్తారు, కారు నేలకి ఇంకో రెండు వేళ్ళు దిగుతుంది, చక్రాలు పెద్దవి, బ్రేకులు పెద్దవి, సీట్లు ఒంటిని బిగించి పట్టుకునే రకం. ఇవన్నీ ఒక మూటే. బ్రేకులిచ్చి స్ప్రింగులు మానెయ్యమంటే కుదరదు. ఫ్యాక్టరీలోనే బిగించాలి, తర్వాత మనసు మారినా లాభం లేదు. షోరూములో నేను నడిపిన కారుకి ఆ ప్యాకేజీ లేదు. ఉన్న కారు మాకు తెలిసినంతలో అమలాపురంలోనే ఉంది. ఆ కారున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో డాక్టర్ ప్రభుదాస్ గారు పరిచయమయ్యారు. వచ్చి చూసుకోండి, దానికేముంది అన్నారు.

ప్యాకేజీ నాకు కావాలి. అందులో దాపరికం లేదు. మావారి నడుముకి అది సరిపడుతుందా అన్నదే తేలాలి. ఆయనకి డిస్కు జారి నాలుగేళ్ళయింది. ఆయన్నే అడగొచ్చు కదా అంటారేమో. మావారు మామిడికుదురులో పుట్టిన మనిషి. దేనికైనా అవునన్నట్టు "ఆయ్" అంటారు. పప్పులో ఉప్పెక్కువైనా ఆయ్, సినిమా బాగా లేకపోయినా ఆయ్. మా గుంటూరులో నచ్చకపోతే ముఖం మీదే చెప్పేస్తాం, ముప్పై ఏళ్ళుగా ఈ మనిషికేం కావాలో ఊహించుకోలేక చస్తున్నాను. నాకు కావలసింది ఆయన నోటి నుంచి ఒక్క నిజమైన మాట. అది దొరక్కుండా అంత డబ్బు పోసి, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తిరగడం నాకిష్టం లేదు.

తొమ్మిదింటికి రాజమండ్రిలో దిగాం. స్టేషన్ బయట ఆటో ఎక్కి బస్టాండు కాంప్లెక్సుకి వెళ్తే అమలాపురం బస్సు సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టిచ్చారు. ఆయన టికెట్టుకి వంద లోపే అయింది. స్పోర్ట్స్ కారు చూడ్డానికి సున్నా టికెట్టు మీద వెళ్తున్నందుకు నాకే నవ్వొచ్చింది. మావారికి చెప్తే ఆయనా నవ్వేరు.

రావులపాలెం దగ్గర అరటి గెలల వ్యాన్లు అడ్డంగా ఆగి ఉంటే కాసేపు ఆలస్యమైంది. కొత్తపేటలో బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నారు. దిగి హోటల్లో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులతో కుట్టిన దొన్నెల్లో ఉడికించిన ఇడ్లీలివి, ఆకు విప్పుతుంటేనే వాసన ముక్కుకి తగులుతుంది. ఇటు వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే అయిపోతాయట. మాకు దొరికినవి ఆఖరివి.

పదకొండున్నరకి అమలాపురం చేరాం. డాక్టరు గారు బస్టాండుకే వచ్చి మమ్మల్ని మామూలు కారులో ఇంటికి తీసుకెళ్ళారు. నలభై అయిదేళ్ళుంటాయి, కంటి డాక్టరు. అమ్మానాన్నలిద్దరూ టీచర్లుగా చేసినవాళ్ళట. భార్య కరుణ గారు హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఇద్దరూ అప్పుడే చర్చి నుంచి వచ్చి, వంట మొదలుపెట్టారు. గుమ్మంలోనే నేను అక్కగారినీ మావారు బావగారూ అయిపోయాం.

పోర్టికోలో ఉంది కారు. నీలం రంగు. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను, సిగ్గు లేకుండా.

ప్రశ్నలన్నీ రాసుకుని మరీ వచ్చానేమో, భోజనానికి ముందే మొదలుపెట్టాను.

"రైడు బాగా గట్టిగా ఉంటుందా డాక్టరు గారూ?"

"ఆయ్, ఉంటుందండి."

"అంటే ఒళ్ళు హూనమైపోతుందా?"

"అబ్బే, అదేం లేదండి. హాయిగా ఉంటుందండి."

"మరి మెత్తగా ఉంటుందనుకోవచ్చా?"

"ఆయ్, మెత్తగానే అనుకోవచ్చండి."

మావారు పక్కనే కూర్చుని ప్రతి జవాబుకీ తల ఊపుతున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఒకరు చాలనట్టు, ఇంకొకరి దగ్గరికి ఇంత దూరం వచ్చి పడ్డాను. అతిథికి కాదన్న మాట చెప్పకూడదని డాక్టరు గారు, ఆయన వస్తువుకి వంక పెట్టకూడదని మావారు. ఇద్దరి మధ్యా నేనొక్కదాన్నీ మోటు మనిషిలా మిగిలాను.

భోజనం మాత్రం గొప్పగా ఉంది. పనసపొట్టు కూర, చేపల పులుసు, గడ్డ పెరుగు. మాటల్లో కరుణ గారు చెప్పేరు, డాక్టరు గారు వారానికి రెండు మూడు రోజులు తెల్లవారుజామునే లేచి ఆ కారులో మురమళ్ళ దాకా వెళ్ళొస్తారని. మీరూ వెళ్తారా అని అడిగాను. "ఎప్పుడైనా అండి" అన్నారు. ఈమధ్య ఎప్పుడు వెళ్ళారని అడిగితే, నా కంచంలో ఇంకో చేప ముక్క వేసి పులుసు బాగుందా అన్నారు. ఆ ముక్క తింటూ నేను కొంత అర్థం చేసుకున్నాను. కానీ ఆవిడ నడుము ఆవిడది, మావారి నడుము మావారిది.

రెండున్నరకి డాక్టరు గారు తాళం నా చేతిలో పెట్టారు. రాజోలులో కరుణ గారి చెల్లెలుందట. మీరిద్దరూ ఇందులో నడుపుకుంటూ రండి, మేం మామూలు కారులో వెనక వస్తాం, రాజోలు నుంచి పాలకొల్లు బస్సెక్కితే మీకు రైలు అందుతుందండి అన్నారు. వాట్సాప్‌లో తప్ప అంతకుముందు ముఖం తెలియని మనిషికి అంత ఖరీదైన బండి ఇచ్చేశారు. అంతసేపూ ఆయన మర్యాదని విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది.

ఊరు దాటేదాకా జాగ్రత్తగా నడిపాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కారుని ఏటవాలుగా ఎక్కించాలి, లేకపోతే ముందు భాగం గీరుకుంటుంది. ఒక దగ్గర గీరనే గీరాను. ఆ చప్పుడు నా పళ్ళ మీద గీసినట్టే ఉంది. అద్దంలో చూస్తే వెనక కారులోంచి డాక్టరు గారు ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపుతున్నారు.

బోడసకుర్రు వంతెన మీద దారి ఖాళీగా దొరికింది. కింద గోదావరి పాయ వైనతేయ నిండుగా ఉంది. కాలు కాస్త నొక్కాను. ఆ సుఖం ఎలా చెప్పను. స్టీరింగు తిప్పాలనుకునేలోపే కారు తిరుగుతోంది, రోడ్డు మీద ప్రతి గరుకూ అరచేతికి తెలుస్తోంది. నాన్న పక్కన కూర్చుని గేరు మార్చడం నేర్పిన రోజుల తర్వాత బండి నడుపుతూ అంత ఆనందపడింది ఆ వంతెన మీదే. పాశర్లపూడి దాటాక సందులోంచి కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి చూసుకోకుండా రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను. ఎక్కడనుకున్నానో అక్కడే ఆగింది కారు, తూలలేదు, అరవలేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. నా మటుకు నాకు ప్యాకేజీ సంగతి అక్కడే తేలిపోయింది.

"ఎలా ఉందండీ?" అని మావారిని అడిగాను.

"ఆయ్. బాగుంది విజయా."

మామిడికుదురు వచ్చింది. ఆయన పుట్టిన ఊరు. ఇప్పుడక్కడ మావాళ్ళెవరూ లేరు కానీ, ఎప్పుడు అటు వెళ్ళినా ఇది ఫలానావాళ్ళ తోట, అది మేం చదువుకున్న బడి అని చెప్తూనే ఉంటారు. ఆ రోజు ఒక్క మాట లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని సీటు మీంచి ఒళ్ళు కాస్త పైకెత్తి కూర్చున్నారు. తాటిపాక దగ్గర గ్యాస్ కంపెనీ లారీలు తొక్కీ తొక్కీ రోడ్డు గతుకులు పడింది. అక్కడ కళ్ళు కూడా మూసుకున్నారు. నిద్రొస్తోందా అంటే దానికీ ఆయ్ అన్నారు.

రాజోలులో కారు ఆపాను. ఆయన తలుపు తీసి, ముందు ఒక కాలు బయట పెట్టి, తర్వాత రెండోది పెట్టి, అలా కూర్చుండిపోయారు. నడుమా అని అడిగాను. అబ్బే, ఆ కొబ్బరి చెట్లు చూస్తున్నానన్నారు. కోనసీమలో పుట్టినవాడికి కొబ్బరి చెట్టు కొత్తా? డాక్టరు గారొచ్చి కారెలా ఉంది బావగారూ అంటే, "చాలా బాగుందండి, మీరు మంచిది తీసుకున్నారండి" అంటూ తలుపు పట్టుకుని లేచారు. నాకు ఆయన మీద జాలీ కోపమూ రెండూ కలిసొచ్చాయి.

గీరిన దగ్గర బాగు చేయించడానికి డబ్బిస్తానంటే డాక్టరు గారు వినిపించుకోలేదు. కరుణ గారు ఒక సంచీలో నిమ్మకాయలూ పూతరేకులూ పెట్టిచ్చేరు. నాలుగున్నరకి పాలకొల్లు బస్సెక్కాం. సీట్లు ఖాళీగా ఉన్నా మావారు కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నారు, గాలి బాగా వస్తోందట. నా పక్కన తమలపాకుల బుట్టతో కూర్చున్నావిడ ఎక్కడికెళ్ళొచ్చేరని అడిగింది. కారు చూడ్డానికన్నాను.

"ఎంతమంది పడతారండీ అందులో?"

"ఇద్దరే."

"మీరిద్దరే కదండీ. సరిపోద్ది."

చించినాడ వంతెన దాటుతుంటే పొద్దు వాలుతోంది. అటు మావారి వీపు, ఇటు నది. సరిపోతుందో లేదో నేనింకా తేల్చుకోలేదు.

పాలకొల్లులో టీ తాగి రైలెక్కేసరికి ఆరు దాటింది. రైలు కదిలాక అడిగేశాను. మీ నడుము పట్టేసింది, నాకు కనపడుతూనే ఉంది, అయినా మీ నోటితో మీరు చెప్పండి, ప్యాకేజీ కావాలా వద్దా అని. నీ డబ్బు, నీ ముచ్చట, నీ ఇష్టం అన్నారు. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నీ ఇష్టం, నీ ఇష్టం అని ముప్పై ఏళ్ళుగా అన్నీ నా నెత్తినే పెట్టారు, మంచైనా చెడైనా నేనే మోశాను, ఇది నేను నా కోసమే కొనుక్కుంటున్నానని ఎవరు చెప్పారు మీకు అని అడిగాను. ఎదుటి సీట్లో వాళ్ళు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

భీమవరం దాటాక షోరూము నుంచి ఫోనొచ్చింది. ఆర్డరు పంపేస్తున్నాం మేడమ్, ప్యాకేజీ పెట్టమంటారా అని ఆ కుర్రాడు. పెట్టెయ్యండి అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట, పంతానికి సగం, ఆ బ్రేకుల కోసం సగం. మావారు చెయ్యి చాపి నా చెవి దగ్గర్నుంచి ఫోను తీసుకున్నారు.

"ప్యాకేజీ వద్దండి" అన్నారు. "నేను కూడా కూర్చోవాలండి అందులో."

ఫోను పెట్టేసి నా వైపు చూడకుండా కూర్చున్నారు, ఏదో తప్పు చేసినవాడిలా. నాకు ఒక్క క్షణం ఆ వంతెనా ఆ బ్రేకులూ గుర్తొచ్చి ఉసూరుమనిపించింది. తర్వాత చెప్పలేనంత సంతోషం వేసింది. ఈ ప్రయాణం మీద వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇంతే. ఒక్కరే నడుపుకునేటట్టయితే ఆ ప్యాకేజీకి పెట్టే ప్రతి రూపాయీ న్యాయమైనదే, కళ్ళు మూసుకుని తీసుకోండి. పక్కన ఒకరు కూర్చోవాలంటే మటుకు వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి, వాళ్ళ నోరు పెగిలేదాకా తిరిగి రాకండి.

"మరి ఆ బ్రేకులో?" అన్నాను కాసేపటికి, ఊరికే సాధించడానికి.

"నువ్వు కాస్త నెమ్మదిగా నడుపు" అన్నారు.

నన్ను ఆయన ఏదైనా అడగడం అదే మొదలు. మొదలుపెట్టాక ఇంక ఆగుతారా, కైకలూరు రాకముందే నా కిటికీ సీటు కూడా అడిగారు. ఇచ్చేశాను.