దమ్మాం కెటిల్

నా చిన్నప్పుడు మా కోరుట్లలో కరెంటు ఉన్న ఇళ్లకంటే అనుమానం ఉన్న ఇళ్లు ఎక్కువ. కరెంటుకు స్తంభాలు, తీగలు కావాలి. అనుమానానికి అవేవీ అక్కర్లేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక మా బడి మూతపడింది. ఆ కష్టాన్ని మేం పిల్లలం ధైర్యంగానే భరించాం.

మా ముందు గదిలో ఒక జంట కిరాయికి ఉండేది. ఆయన గుంటూరు వైపు మనిషి, కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఆమెను నేను కిరాయింటి అక్క అనేదాన్ని. బడి లేని రోజుల్లో నన్ను గడప మీద కూర్చోబెట్టి, జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తప్పు పోతే జడ కొంచెం బిగిసేది. వాడకట్టులో మాత్రం ఆ ఇద్దరి గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆయన సైకిల్ తొందరగా తొక్కితే ఎవరికో సమాచారం మోసుకుపోతున్నట్టు, మెల్లగా తొక్కితే ఎవరినో గమనిస్తున్నట్టు. ఏ వేగంలో తొక్కితే బాగుంటుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు పాపం.

అలాంటి రోజుల్లో మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, అరబ్బు దేశంలోని దమ్మాం నుంచి సెలవు మీద వచ్చాడు. తాటిచెట్లెక్కి, లొట్టి అనే కుండ కట్టి కల్లు గీయడం మా ఇంటి పని. ఈయన మాత్రం బొంబాయి వెళ్లి, అక్కడ ఓడెక్కి, నూనెబావుల కంపెనీ వంటశాలలో కుదిరాడు. వస్తూ మూడు కరెంటు కెటిళ్లు తెచ్చాడు. ఒకటి మాకు, తక్కిన రెండూ జగిత్యాలలో ఒకరు, సిరిసిల్లలో ఒకరు ఉన్న మా మేనత్తలకు. పొయ్యి లేకుండా నీళ్లు మరుగుతాయని విని వాడకట్టంతా మా నట్టింట్లో చేరింది.

కెటిల్ ప్లగ్గుకు బల్లపరుపు పిన్నులు. మా గోడకు ఉన్నవి గుండ్రటి రంధ్రాలు. ఈ సంబంధం కుదరదని కెటిల్ తన వంతుగా చెప్పి చూసింది. చిన్నబాపు ప్లగ్గును కోసేసి, వైరు కొసలు గీకి, రంధ్రాల్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దిగ్గొట్టాడు. మా దగ్గర అది మామూలు పద్ధతే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన గుమాస్తాగారు గుమ్మం దగ్గర ఆగి, అది ఎక్కడిదని అడిగి, "ఇక్కడ పెట్టకండి, కాలిపోద్ది. అక్కడి కరెంటు వేరండీ" అన్నాడు.

చిన్నబాపు నవ్వాడు. "మా ఇంట్ల చాయ్ మరుగుతె నీకేం కడుపునొప్పి సారూ?"

వాడకట్టు కూడా నవ్వింది. ఆయన తన గదిలోకి వెళ్లిపోయాడు.

కెటిల్ గొప్పగా పనిచేసింది. చాయ్‌పత్తా డబ్బా మూత తీసేలోపే నీళ్లు కుతకుతమన్నాయి. "చూసిండ్రా!" అన్నాడు చిన్నబాపు. చూశాం. ఆ వెంటనే అడుగు నుంచి టప్పుమని చప్పుడు, పొగ, కాలిన రబ్బరు వాసన. ఆ కెటిల్ మా ఊళ్లో మరిగించిన మొదటి నీళ్లే ఆఖరివి కూడా అయ్యాయి.

పొగ తగ్గగానే అందరూ ఒకేసారి మాట్లాడారు. "కాలుతదని గాయన ముందుగాలనే ఎట్ల చెప్పిండు?" అన్నారెవరో. ఆ ప్రశ్న అందరికీ నచ్చింది. కాలుతుందన్నాడు, కాలింది, కనుక కాల్చింది ఆయనే. ఆఫీసు నుంచి మా లైనుకు కరెంటు ఎక్కువ వదిలించాడని తేల్చారు. ఆ సమయంలో ఆయన గదిలో పప్పన్నం కలుపుకుంటున్నాడన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. చిన్నబాపు దోస్తులు గది ముందు నిలబడి, పొద్దుగూకేలోపు ఖాళీ చేసి వెళ్లిపొమ్మన్నారు. ఎడ్లబండిని కూడా వాళ్లే పిలిపించారు. ఆ కాలంలో ఆ మాత్రం మర్యాద ఉండేది.

అక్క గిన్నెలు పాత చీరలో మూట కడుతూ, గడప మీద ఉన్న నన్ను చూసి, "ఏడో ఎక్కం దాకా వచ్చాంగా, మిగతావి నువ్వే చూసుకోవాలమ్మా" అంది. నాకు ఎక్కాల మీద అంత ప్రేమ ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు. ఏడుస్తూ వెళ్లి మా నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

ఇల్లు నాయనమ్మది. ఆమెను మించిన అనుమానపు మనిషి మా వాడలో లేదు. పాలు పోయించుకున్నాక వేలు ముంచి చూసేది. ఎవరైనా లడ్డూ ఇస్తే, ఎందుకిచ్చారో ఆలోచించుకున్నాకే తినేది. అందుకే ఆమె మంచం మీది నుంచి లేచి రాగానే దోస్తులకు బలం వచ్చింది. ఆమె మాత్రం ముందు బండివాణ్ణి ఆగమంది.

"కరెంటు ఎక్కువ అచ్చిందంటున్నరు గదా. మరి గీ బుగ్గెందుకు గాలలే?"

నట్టింట్లో పగలు కూడా చీకటే కనుక బల్బు వెలుగుతూనే ఉంది. దాన్నే మేం బుగ్గ అంటాం. అందరూ తలెత్తి చూశారు. అది నిమ్మళంగా ఉంది.

"పక్కింట్ల రేడియో గూడ మొత్తుకుంటనే ఉన్నది. గా ఎక్కువ కరెంటు నీ కెటిల్‌నే ఎతుక్కుంట అచ్చిందారా?"

"అమ్మా, నీకు తెల్వది. గాళ్లను నమ్మద్దు."

"నేనేడ నమ్మిన్రా? గాయన్ను నమ్మ, నిన్ను నమ్మ. అనుమానం పడ్డంక అందర్ని పడాలె. గా కెటిల్ మీద పడ్డరా ఎవలన్న?"

ఎవరూ పడలేదు. అది దమ్మాం నుంచి వచ్చిన వస్తువు, మా చిన్నబాపు సంపాదన. దాన్ని అనుమానించడమంటే ఆయన్ని అనుమానించినట్టే. నాయనమ్మకు ఆ మొహమాటం లేదు. మిగిలిన రెండింటిలో ఒక కెటిల్‌ను తిరగేసి నా చేతిలో పెట్టింది. బుగ్గను ఆర్పించి, చల్లారాక తీయించి, అదీ ఇచ్చింది. రెండింటి మీదా అంకెలు చదవమంది. చదువుకున్నవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు గానీ, వాళ్లను నమ్మలేదు. కెటిల్ అడుగున నూట పది. బుగ్గ మీద రెండు వందల ముప్పై. మళ్లీ చదవమంది. నన్నూ నమ్మలేదు.

"గట్లనా. దీనికి సగం సాలు. మీరు రెట్టింపు తాగిపిచ్చిండ్రు" అని, గుమాస్తాగారిని బయటికి పిలిచింది. "అయ్యా, చెట్టుకు కల్లు ఎక్కువ పారితె మేము ఇంకో లొట్టి కడ్తం. గీ కెటిళ్లకు గట్ల రెండిటికి పంచరాదా?"

తనను దేనికి పిలిచారో అని ఆయన ముందు అనుమానపడ్డాడు. ఆ రోజు అందరిదీ ఒకటే జబ్బు. కాసేపు ఆలోచించి, "కుదురుద్దండీ. రెండూ ఒకే రకం గనక ఒకే వైరులో ఒకదాని వెనక ఒకటి కలిపితే చెరి సగం తీసుకుంటాయి. కాకపోతే రెండూ కలిసుండాల్సిందే. ఒకటి తీసేస్తే రెండోదీ ఆగిపోద్ది" అన్నాడు.

చిన్నబాపు ఎగిరి లేచాడు. "ఇన్నవా అమ్మా! కలిసుంటెనే నడుస్తయట! గిది కరెంటు ముచ్చట గాదే!"

గుమాస్తాగారి ముఖం పాలిపోయింది. లోపల మూటల చప్పుడు ఆగిపోయింది.

"నీ తెలంగాణ నువ్వు తెచ్చుకోరా, నేనద్దన్ననా? గిది నీళ్లు కాగే ముచ్చట" అంది నాయనమ్మ.

గుమాస్తాగారు దేన్నీ ముట్టుకోనన్నాడు. చేతులు రెండూ అందరికీ కనబడేలా కట్టుకుని నిలబడి, ఏ వైరు దేనికో నోటితో చెప్పాడు. చిన్నబాపు తన చేతులతోనే కలిపి, అగ్గిపుల్లలు దిగ్గొట్టాడు. జనం సగం మంది కెటిళ్లను, సగం మంది ఆయన చేతులను చూస్తూ నిలబడ్డారు. ఈసారి తొందరేమీ లేదు. ముందు రెండూ సన్నగా గునిశాయి. చాలాసేపటికి ఒక మూత కదిలింది, తర్వాత రెండోది. పొగ రాలేదు. దోస్తుల్లో ఒకడు దగ్గి, ఇంటి దగ్గర పనుందని గుర్తు చేసుకున్నాడు.

నాయనమ్మ చాయ్ చేసి మొదటి గ్లాసు గుమాస్తాగారికే ఇచ్చింది. అందులో మంచితనం చూద్దామనుకున్నాను గానీ, "ముందుగాల గాయన తాగనీయుండ్రి. ఏమన్న అయితె తెలుస్తది" అని కారణం కూడా చెప్పింది. ఆయన తాగాడు. ఏమీ కాలేదు. రెండో గ్లాసు బండివాడికి ఇచ్చి, ఖాళీ బండిని వెనక్కి పంపింది. అక్క మూట విప్పి, కళ్లు తుడుచుకుని, నా జడ దొరకబుచ్చుకుంది. ఎనిమిదో ఎక్కం ఆ సాయంత్రమే మొదలైంది.

ఆ రెండు కెటిళ్లూ విడిగా పనిచేయవు గనక మా ఇంట్లోనే ఉండిపోయాయి. తమ కెటిళ్లను మేమే ఏదో వంక పెట్టి నొక్కేశామని జగిత్యాల అత్త, సిరిసిల్ల అత్త చివరిదాకా అనుమానించారు. వాళ్లూ నాయనమ్మ కూతుళ్లే కదా. గుమాస్తాగారికి కొన్నాళ్లకు బదిలీ అయింది. వాళ్లు బండెక్కే నాటికి నాకు ఇరవయ్యో ఎక్కం వచ్చు.

మొన్న మా చెల్లెలి కొడుకు దుబాయి నుంచి మిక్సీ తెచ్చాడు. నేను దాన్ని తిరగేసి కళ్లద్దాలు వెతుక్కుంటుంటే, "పెద్దమ్మా, గక్కడ గూడ మన కరెంటే" అని నవ్వాడు. నిజమే. అయినా చదివాను. అనుమానం మానడం మా ఇంటా వంటా లేదు, నేనూ మానలేదు. కాకపోతే ఎవరి మీదైనా కోపమొచ్చి బండిని పిలవబోయే ముందు, నా చేతిలో ఉన్నదాన్ని ఒకసారి తిరగేసి చూసుకుంటాను. చాలాసార్లు అంకె అక్కడే రాసి ఉంటుంది.