వెరోనా కుట్టిన మఖమలు గుమ్మడికాయలు

మూర నది ఒడ్డున మా చర్చిలో ఒక ఏడాది గుడ్డతో కుట్టిన గుమ్మడికాయ మొలకెత్తి, తీగ సాగి, ఫాదర్ గారి మైకుకు చుట్టుకుని పూత పూసింది. సరే, పూత లేదు. తీగ కూడా కాస్త ఎక్కువే చెప్పినట్టున్నాను. మొలకలు మాత్రం నిజం.

ఆ గుమ్మడికాయ కుట్టింది వెరోనా. పట్నంలో బట్టల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె కోట్లకు కాలర్లే కుట్టింది. పూర్తి కోటు ఎలా ఉంటుందో చూడాలంటే పెళ్ళిళ్ళకు వెళ్ళాల్సిందే అనేది. ఫ్యాక్టరీ పోయాక గుమ్మడికాయలు మొదలుపెట్టింది. గుడ్డను గుండ్రంగా కోసి, అంచు చుట్టూ దారం కుట్టి సంచీలా లాగి, పొట్టు కూరి, మూతి బిగిస్తుంది. తర్వాత లావు దారాన్ని అడుగు నుంచి పైకి పోనిచ్చి లాగితే చుట్టూ గాడులు పడతాయి. నూనె కోసం గింజలు తీసేశాక పొలంలో వదిలేసిన గుమ్మడికాయల తొడిమలు ఏరి, పొయ్యి మీద ఆరబెట్టి, వాటినే పైన గుచ్చుతుంది. పంట కృతజ్ఞతల ఆదివారానికి చర్చి కిటికీల నిండా అవే.

గుడ్డకు కొదవ లేదు. ఆకులు రాలే రోజులు రాగానే ఆడవాళ్ళు పాత జాకెట్లూ చిరిగిన దుప్పట్లూ సంచుల్లో వేసి ఆమె గేటు కొక్కేనికి తగిలించి పోతారు. ఆ ఏడు ఒక సంచీలో ఇటుక రంగు మఖమలు పావడా వచ్చింది. నడుము పట్టీ ఊడిపోయి ఉంది. వెరోనా మురిసిపోయి కత్తెర పెట్టేసింది. పెద్ద కాయలు రెండు అయ్యాయి. పొట్టు అయిపోతే కోళ్ళకు ఉంచిన గోధుమలు మూతిదాకా పోసింది. బరువుకు బాగా కూర్చున్నాయి. అంచు ముక్కలు ఆకులుగా కోసి దండ గుచ్చింది. అన్నీ చర్చికి చేరాయి.

మర్నాడు యోలాంకా వచ్చింది. పాటల బృందానికి పెద్ద. ఆమె చూస్తే శ్రుతి తప్పినవాళ్ళు దగ్గు నటిస్తారు.

"మా అమ్మ పెళ్ళి పావడాకు పట్టీ వేశావా? గేటుకు తగిలించి పోయాను."

వెరోనా కత్తెరను గుడ్డల కిందికి తోసింది. "వేస్తున్నా అక్కా."

"ఆదివారానికి కావాలి. ఇద్దరు కోడళ్ళూ నాకంటే నాకని కూర్చున్నారు. ఎవరికిస్తానో ఆ రోజు చెప్తానన్నాను."

ఆమె గేటు దాటగానే వెరోనా పక్కింటి ఇల్కా దగ్గరికి పరిగెత్తింది.

"ఏం చెయ్యనే? కాయలు రెండూ దొంగిలించుకు రానా?"

"ఊరంతా చూసేసింది కదే. దొంగిలిస్తే పావడా తిరిగొస్తుందా? కాలర్ కుట్టివ్వు, అదొక్కటే నీకు వచ్చు."

"నవ్వకే, నాకు బువ్వ దిగట్లేదు."

"దిగకపోతే నాకు పంపు."

ఆ తర్వాత వాన పట్టుకుంది. చర్చి కప్పు ఎప్పటిలాగే ఎడమ కిటికీ దగ్గర కారింది. ఆ కిటికీ కిందే చర్చిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం.

ఆదివారం వెరోనా వెళ్ళేసరికి జనం ఎడమ కిటికీ దగ్గర మూగి నవ్వుతున్నారు. మఖమలు కాయ తొడిమ చుట్టూ పచ్చటి మొలకలు, ముసలాడి చెవిలో వెంట్రుకల్లా లేచి ఉన్నాయి. ఫాదర్ గారు, "ఈ ఏడు పంట చర్చిలోనే పండింది," అని అటు వెళ్ళిపోయారు. జనం బెంచీల్లోకి సర్దుకున్నారు. యోలాంకా మాత్రం కదలలేదు. కాయను తిప్పి చూసి, ఒకచోట వేలు ఆపింది.

"ఇది మా అమ్మ ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ."

వెరోనా పక్కకొచ్చి నిలబడింది. "పాతగుడ్డలనుకుని కోసేశానక్కా. నీకు అబద్ధం చెప్పాను. ఏమన్నా పడతాను."

యోలాంకా కాయను తిరిగి కిటికీలో పెట్టింది.

"ఎన్ని అయ్యాయి?"

"రెండు."

"ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీనా?"

"లేదక్కా, ఒకే కొలత."

యోలాంకా బెంచీ మీద కూలబడి, బిగించిన కాలర్ గుండీ విప్పుకున్నట్టు ఊపిరి వదిలింది.

"నెల రోజులుగా మా ఇంట్లో సూపు కూడా పోట్లాడుకుంటూ తాగుతున్నారే. ఒక్క పావడాను ఇద్దరికెలా పంచను? నువ్వు పంచిపెట్టావు. విను, నేనే కొయ్యమన్నానని చెప్తాను. నువ్వు కాదనకు. మొలకలున్నది పెద్దకోడలికి. తోటపని దానికే ఇష్టం."

వెరోనాకు ఆ రోజు పాటలో ఒక్క మాటా వినపడలేదు. ఆకలి మాత్రం వినపడింది. ఇంటికెళ్ళి గుమ్మడిగింజల నూనె పోసుకుని ఒక గిన్నెడు చిక్కుళ్ళు తిని, మళ్ళీ వడ్డించుకుంది.

ఇప్పుడు అడిగితే సూది మీంచి కన్ను తియ్యకుండానే చెబుతుంది: "ఏ మొలకలు? యోలాంకక్క కొయ్యమంది, కోశాను. నేను అబద్ధమాడలేదు, ఎవరి దగ్గరా ఏడవలేదు. అసలు ఆ ఏడు వానే పడలేదు."