రమీజా అడిగిన రెండో ప్రశ్న

శస్త్రచికిత్స విజయవంతమైతే జనం సర్జన్‌కు దండం పెడతారు. ఆ సేపంతా రోగి తలవైపు నిలబడి, మత్తు మోతాదునూ ఊపిరినీ నాడినీ కనిపెట్టుకుని ఉన్న మనిషి పేరు అడిగేవారు అరుదు. ఈ అన్యాయం ఎంత పాతదైనా సరే, దానికి అలవాటు పడడం నాకు చేతకాలేదు. అందుకే రమీజా గురించి రాస్తున్నాను.

రమీజాది ప్రొద్దుటూరు. కర్నూలులో నర్సింగ్ చదివి, ఆపరేషన్ థియేటర్లలో పనిచేస్తూ, మత్తు ఇవ్వడంలో ప్రత్యేక శిక్షణ పొంది ఖతార్‌లోని దోహాకు వచ్చింది. భర్త గయాజ్‌తో దోహా పక్కనే ఉన్న అల్ వక్రాలో కాపురం. కొన్ని దేశాల్లో ఆమెవంటి నర్సులు స్వతంత్రంగానే మత్తు ఇస్తారు. ఆమె పనిచేసే ఆసుపత్రిలో డాక్టర్‌తో కలిసి ఇవ్వాలి. ఉద్యోగం పేరు ఇంగ్లీషులో బారెడు ఉండడంతో లేబర్ క్యాంపుల్లోని తెలంగాణ కార్మికులు దాన్ని కుదించి "మత్తక్క" అని పెట్టుకున్నారు. ఆ బిరుదు ఆమెకు మహా ఇష్టం. గయాజ్ మాత్రం, "ఊరందర్నీ నిద్రపుచ్చుతాది, ఇంట్లో ఒక్కర్ని పండుకోనీదు" అని వచ్చినవాళ్ళందరికీ ఫిర్యాదు చేస్తుంటాడు.

గజేందర్‌ను ఆమె దగ్గరికి తీసుకువెళ్ళింది నేనే. కార్మికులకు న్యాయ సహాయం చేసే చిన్న బృందంలో నేను లాయర్‌ని; ఆసుపత్రికి తోడు వెళ్ళి మాట సాయం చేయడం కూడా మా పనుల్లో ఒకటి. గజేందర్‌ది జగిత్యాల వైపు పల్లె. కట్టడాల చుట్టూ ఇనుప గొట్టాల పరంజీ బిగించే పని. ఇనుపరేకు కోసుకుని కుడిచేతి బొటనవేలిని వంచే నరం, డాక్టర్ల మాటలో స్నాయువు, తెగింది. కుట్టకపోతే వేలు వంగదు, పిడికిలి బిగియదు. పిడికిలి బిగియని పరంజీ పనివాడిని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? పైగా ఆలస్యమైన కొద్దీ తెగిన కొసలు లోపలికి ముడుచుకుపోతాయని సర్జన్ చెప్పాడు. థియేటర్ దొరికింది ఒక్క మంగళవారమే. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

థియేటర్ ముందరి గదిలో మంచం మీద గజేందర్, పక్కన అతని గదివాడు రాజనర్సు, నేను.

"మత్తుల మనిషి ఏదో ఒకటి వాగుతడట," అన్నాడు రాజనర్సు. "నీ పెండ్లాం పేరు తప్ప ఇంకో పేరు ఎత్తకు."

"నువ్వు బయటనే ఉంటవు గద. నీకేం ఇనబడుతది?"

"నర్సులు చెప్తరు తియ్యి."

రమీజా లోపలి నుంచి వచ్చింది. పేరు అడిగింది, ఏ చెయ్యో చూపించమంది, మందులేవైనా పడవా అని అడిగింది. ఆ తర్వాత, "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదన్నా?" అంది.

"లేదక్కా. ఇయ్యాల మంగళారం. అంజన్నకు ఒక్కపొద్దు ఉన్న."

వార్డులో హిందీలో అడిగినప్పుడూ అతడు ఇదే చెప్పాడు, హనుమంతుడికి ఉపవాస వ్రతమని. విన్నవారంతా తృప్తిపడ్డారు. దేవుడు కూడా మన పక్షానే ఉన్నాడని నేనూ సంతోషించాను. రమీజా పాటించే ఉపవాసం రంజాన్‌ది. అందులో గుటకెడు నీళ్ళకు కూడా చోటు లేదు. ఆమె తల ఊపి మంచాన్ని లోపలికి తోయబోయింది. తోయబోయి, ఆగింది.

"మీ వైపు ఒక్కపొద్దు ఎట్ల ఉంటారన్నా? పొద్దున లేసినప్పటి నుంచి నోట్లో ఏమేం పడింది, వరసగా చెప్పు."

గజేందర్ కొంచెం గర్వంగానే చెప్పాడు. "అన్నం ముట్టలే. స్నానం చేసి, దండం పెట్టుకొని, పెద్ద గిలాసెడు పాలు తాగిన. రెండు అరటిపండ్లు. గంతే."

రాజనర్సు నుదురు కొట్టుకున్నాడు. "ఏమీ తినద్దన్నరు గదరా!"

"తిన్ననా? పాలు, పండ్లు తిండి కిందికి వస్తయా? మా అవ్వ ఒక్కపొద్దుల గవే ఇస్తుండె."

"వాళ్ళవ్వ పద్ధతీ ఒక్కపొద్దే," అంది రమీజా, నవ్వు ఆపుకుంటూ. "మా పక్కింటి నాగప్ప అయితే శనివారం ఒక్కపొద్దులో ఉప్మా లాగించేవాడు. ఇప్పుడు అతను గుర్తుకొచ్చే అడిగినాను."

సాక్షి నోట 'అవును' అనిపించే ప్రశ్న వేయకూడదని న్యాయశాస్త్రంలో మాకు నేర్పారు. మంచం పక్కన వేసే ప్రశ్నకూ అదే సూత్రం వర్తించాలి. గజేందర్ అబద్ధం చెప్పలేదు. అతని ఆచారం మేరకు అక్షరాలా నిజం చెప్పాడు. కానీ మత్తులో ఉండగా ఆ పాలు గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లో దిగితే, ప్రాణమే పోవచ్చు.

మత్తు డాక్టర్ అద్నాన్, సూడాన్ ఆయన, విన్న వెంటనే "రద్దు చేద్దాం" అన్నాడు.

"చెయ్యికి మాత్రమే మత్తు ఇస్తున్నాం కదా డాక్టర్," అన్నాను నేను ఆగలేక.

"అది చాలకపోతే పూర్తి మత్తు ఇవ్వాలి. అప్పుడు ఈ పాలను ఏం చేయమంటారు?"

నేను వాదన విరమించి రమీజా వైపు తిరిగాను. గజేందర్ మా ముఖాలు మార్చి మార్చి చూస్తున్నాడు. అతని ఎడమచెయ్యి మంచం అంచును పట్టుకుంది.

రమీజా గొంతు పెంచలేదు. "రద్దు వద్దు, వరస మారుద్దాం. పాలకూ పండ్లకూ ఆరు గంటల వ్యవధి చాలు. తర్వాతి పేషెంట్ సిద్ధంగా ఉంది, ఆమెను ముందు తీసుకుందాం. ఇతన్ని చివర పెడదాం. సర్జన్‌తో నేను మాట్లాడతాను. నా డ్యూటీ అయిపోయినా ఉంటాను."

"నువ్వు లాయరు పని కూడా చేస్తావా?" అన్నాడు అద్నాన్.

"ఈ లాయరమ్మ అప్పుడే ఓడిపోయింది డాక్టర్," అంది రమీజా నన్ను చూపించి. " ఎవరో ఒకరు గెలవాలి కదా."

అద్నాన్ నవ్వేశాడు. సర్జన్ గొణిగి, ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక గజేందర్‌ను లోపలికి తీసుకున్నారు. రాజనర్సు ఆ పూటంతా అతనికి కాపలా కాశాడు, నీళ్ళ సీసా కంటబడినా దాచేశాడు. లోపలి సంగతులు తర్వాత గజేందరే చెప్పాడు. మెడ పక్కన సూది వేస్తే చెయ్యి భుజం దాకా మాయమైందట. "అక్కా, నా చెయ్యి యాడ పెట్టిన్రు?" అని అడిగితే, "ఇక్కడే ఉంది లేప్పా, ఎవరూ ఎత్తుకపోలేదు" అందట రమీజా. అతడు అంజన్న దండకం ఎత్తుకుంటే, ఆమె తెరమీది అంకెలు చూస్తూనే, అతడు మరిచిపోయిన ముక్కను అందించిందట. ప్రొద్దుటూరులో ఆంజనేయుడి గుడి మైకు వాళ్ళ కిటికీకి ఎదురుగానే ఉండేదట మరి.

నరం అతికింది. పట్టీ, తర్వాత వ్యాయామం, మధ్యలో బోలెడు సందేహం. వేలు మొదట చీమంత కదిలింది.

కొన్ని వారాల తర్వాత ఒక శుక్రవారం గజేందర్, రాజనర్సు, నేను అల్ వక్రాకు వెళ్ళాం. గయాజ్ బిర్యానీ వండాడు. రమీజా పళ్ళేలైనా పెట్టకముందే గజేందర్ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని తన చెయ్యి చాపింది.

"పట్టు. పిడికిలి బిగించు."

గజేందర్ సిగ్గుతో గయాజ్ వైపు చూశాడు.

"నా వైపు చూడకు భాయ్," అన్నాడు గయాజ్. "ఆమె చెప్తే నేనే వింటా."

గజేందర్ మెల్లగా పట్టుకున్నాడు. బొటనవేలు వంగి, ఆమె వేళ్ళ మీద వాలింది.

"ఇదేనా? ఇంకా గట్టిగా."

"మీకు నొస్తదక్కా."

"నొప్పి సంగతి చూసుకునేది నా డ్యూటీ. నువ్వు పట్టు."

ఈసారి అతడు పరంజీ గొట్టాన్ని బిగించినట్టే బిగించాడు. రమీజా ముఖం ఒక్క క్షణం చిట్లింది.

"చాలు నాయనా, వదులు!"

"మీరే గట్టిగ అన్నరు," అన్నాడు గజేందర్, వదలకుండా.