నువ్వుగింజ నానని నోరు

పాన్‌దోల్ నోట్లో నువ్వుగింజ నానదని మా కొండ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఊరిపెద్ద పన్నుల వాళ్ళకు కనబడకుండా పందిని దాస్తే, అదెక్కడుందో ఆ పన్నుల వాళ్ళకే చెప్పి, "చీకట్లో ఉండి చిక్కిపోయిందండీ పాపం" అని జాలిపడ్డ మనిషి. తన పెళ్ళి మాటలప్పుడు ఇంటికప్పు ఏయే చోట కారుతుందో కాబోయే మామకు తనే చూపించాడు. అయినా పిల్లనిచ్చారు. అబద్ధమాడని అల్లుడని వాళ్ళు మురిసిపోయారట గాని, అబద్ధమాడాలంటే కాసేపు ఆలోచించాలి, ఆ ఓపిక ఇతనికెక్కడిది?

పని మాత్రం రాక్షసుడిలా చేసేవాడు. వీపుకు కర్రచట్రం కట్టుకుని, దాని మీద కొండంత కట్టెల మోపు పెట్టుకుని, కనుమ దాటి సంతకు వెళ్ళేవాడు. దారిలో తోడు దొరికితే మనిషితో, దొరక్కపోతే కాకితో మాట్లాడేవాడు.

ఒక వసంతంలో ఊరిమీద తట్టు పడింది. గామ్‌గోల్ నుంచి కోడలుగా వచ్చినందుకు ఊరంతా గామ్‌గోలమ్మ అని పిలిచే ఆవిడ కూతురు, నాలుగేళ్ళ బొక్‌సిల్, పోయింది. అంత చిన్నపిల్లలకు మాలో పాడె లేదు, కర్మ లేదు, సమాధి దిబ్బ లేదు. ఎవరో ఒకరు పెద్ద మట్టిజాడీలో పెట్టి కొండ మీదికి మోసుకెళ్ళి, రాళ్ళు పేర్చి రావాలి. కన్నవాళ్ళు వెంట వెళ్ళకూడదు, ఆ చోటు వాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే తల్లి అక్కడే కూర్చుండిపోతుందని, ఇంట్లో మిగిలిన పిల్లలకు గంజి కాచేవాళ్ళుండరని పెద్దల భయం. ఆ తర్వాత పోయిన బిడ్డ పేరు కూడా ఎత్తకూడదు. ఈ నియమం పెట్టినవాడెవడో గాని, వాడు తల్లి కడుపున పుట్టినవాడే గాని తల్లి మాత్రం కాడు.

ఎప్పుడూ ఆ పని చేసే ముసలాయన కాలు విరిగి మంచాన ఉన్నాడు. తక్కిన మగవాళ్ళందరి ఇళ్ళల్లో చిన్నపిల్లలున్నారు, వాళ్ళకు తట్టు అంటుతుందని భయం. పిల్లలు ఎదిగిపోయిన పాన్‌దోల్ ఒక్కడే మిగిలాడు.

"ఒరే, మాకు నీ వీపు కావాలి గాని నోరు అక్కర్లేదు. చోటు చెప్పావో, ఆ పిల్ల తల్లిని కూడా మొయ్యాల్సొస్తుంది" అన్నాడు ఊరిపెద్ద.

"చెప్పను పెద్దయ్యా."

"పంది విషయంలోనూ ఇట్టాగే అన్నావు గదరా!"

"పంది చోటు చెబితే ఏ తల్లీ కొండ మీద కూర్చుండిపోదు కదయ్యా" అన్నాడు పాన్‌దోల్.

ఆ రోజు ఊళ్ళో ఒక్క రోకలి పోటు వినబడలేదు. ఏడవకూడదు కాబట్టి ఎవరూ ఏడవలేదు. పొయ్యి పొగ అని ఒకామె, కంట్లో నలక పడిందని ఇంకొకామె కళ్ళు తుడుచుకున్నారు. గామ్‌గోలమ్మ గుమ్మం ముందు ఎవరో గుమ్మడికాయ జావ పెట్టి వెళ్ళారు. చూస్తుండగానే గిన్నెలు వరుస కట్టాయి. ఎవరిదని అడిగితే ఎవరూ నాదనలేదు.

పొద్దుగూకేలోపు పాన్‌దోల్ కక్కేస్తాడని ఊరంతా అనుకుంది. కక్కలేదు. నెల గడిచింది, ఏడాది గడిచింది. "కడుపుబ్బి పోతావేమో, కనీసం నిద్రలోనైనా పలవరించయ్యా, నేను వినన్లే" అనేది పెళ్ళాం.

గామ్‌గోలమ్మ ఆకుకూరల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు అతని వెంటే నడిచేది. ప్రతిసారీ అదే మాట.

"అన్నా, మా బొక్‌సిల్ ఎక్కడుంది?"

"ఈ ఏడు ముల్లంగి చూశావా చెల్లెమ్మా, నా తొడంత లావు!" అంటూ అతను ముల్లంగి నుంచి మొదలెట్టి ఊరందరి గుట్లూ విప్పేవాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఇద్దరి తలలూ నెరిశాయి. ఒకనాడు కనుమ ఎక్కుతూ ఆయాసం తీర్చుకుందామని కూర్చున్నారు. ఆమె అడగలేదు. పాన్‌దోల్‌కు ఏమీ తోచలేదు.

"ఏం చెల్లెమ్మా, ఇవాళ అడగలేదు?"

"తెలిసిన సంగతి ఎన్నాళ్ళని అడగను?"

అతను దిగ్గున లేచాడు. "ఎవడు చెప్పాడు?"

"నువ్వే. ఊరు దాటినకాణ్ణుంచి సంత దాకా వాగుతూనే ఉంటావా, ఆ పై మలుపులో మాత్రం నోరు మూస్తావు. మలుపు దాటంగానే మళ్ళీ ముల్లంగి."

పాన్‌దోల్ తల దించుకున్నాడు. "వెళ్ళావా అక్కడికి?"

"లేదు. వెళితే లేవలేనని నాకు మాత్రం తెలీదా?"

"మరి తెలిసీ ఎందుకడిగావమ్మా ఇన్నేళ్ళు?"

"ఇంకెక్కడ అనను దాని పేరు? ఇంట్లో అంటే మా ఆయన లేచి బయటికి పోతాడు, ఊళ్ళో అంటే తప్పు. నిన్నడిగేటప్పుడు నోరారా అనుకునేదాన్ని." మా ఆడవాళ్ళ కట్టుకు కొంగుండదు, ఆమె రవిక ముడి కొసతోనే ముక్కు తుడుచుకుంది. "చీకటంటే దానికి భయమన్నా. ఒక్కతే పోయింది."

"ఒక్కతేంటి? నేను లేనూ?" పాన్‌దోల్‌కు కోపమొచ్చింది. "నా వీపు మీదున్నంతసేపూ నోరు మూసుకున్నాననుకున్నావా? ఇదిగో వాగు, అదిగో ఉడత అని చెప్తూనే ఉన్నా. కప్ప పెళ్ళివారింటికి పోయిన కథ ఎత్తుకున్నా. రాళ్ళు పేర్చడం అయిపోయినా కథ అవలేదు. సగంలో ఎట్టా వదిలేసి వస్తాను? పక్కనే కూర్చుని మొత్తం చెప్పి వచ్చా."

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. "నాకూ చెప్పన్నా" అంది.

మోపు వీపుకెత్తుకుని పాన్‌దోల్ మొదలుపెట్టాడు. కప్పకు టోపీ సరిపోలేదన్న దగ్గర ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. మలుపు వచ్చింది. అతను కథ ఆపలేదు.

"ఊఁ, తర్వాతేమైంది?" అంది గామ్‌గోలమ్మ, బుట్ట సర్దుకుంటూ.